తాళం వేసిన పెట్రోలు

పోయిన వారం మనం ఈ కుటుంబాన్ని జెట్టీ మీద వదిలేసి వచ్చేసరికి బావలిద్దరికీ మాటలు తెగిపోయి ఉన్నాయి. సూదమ్మ అన్నయ్య ఇళ్ళకి వైరింగు చేసే ఎలక్ట్రీషియను. చెల్లెలు బోటులో కాపురం పెట్టిందని, చేతిలో ఉన్న పనులన్నీ పక్కన పెట్టి వచ్చి, ఆ చిన్న తెరచాప బోటుకి ఒడ్డు కరెంటు పెట్టాడు. జెట్టీ మీది కరెంటు పెట్టె నుంచి లావుపాటి పసుపు కేబులు, బోటు పక్కన సాకెట్టు, లోపల ఛార్జరు, ఆ ఛార్జరు నింపే బ్యాటరీ, అన్నీ కుదిరాయి. అంతా అయ్యాక చూస్తే బోటు చిన్న ఇంజనుకి పోసే, బయట ఉండాల్సిన పెట్రోలు డబ్బా లోపల, పడుకునే బల్ల కింద, సరిగ్గా ఛార్జరు పక్కన ఉంది. "నీ పనికి అడ్డమొచ్చిందని నువ్వే లోపల పడేశావు. మమ్మల్ని నిలువునా తగలబెట్టేవాడివి" అన్నాడు సూదమ్మ మొగుడు. నేను కాదని అన్నయ్య ఒట్టేశాడు. ఎవరూ నమ్మకపోయేసరికి పనిముట్ల సంచి భుజాన వేసుకుని దిగిపోయాడు.

సూదమ్మ అన్నది అసలు పేరేమీ కాదు. రేవులో తెరచాపలు కుట్టడం ఆమె పని. చేతిలో ఒక సూది, నోట్లో ఒక సూది ఉంటాయని రేవంతా కలిసి పెట్టిన పేరది. ఆ నోట్లో సూది ఆ రోజు మాత్రం కదల్లేదు. అన్నయ్య జెట్టీ చివరిదాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూస్తే ఆమె తల దించుకుంది. అప్పటి నుంచి ఎన్నిసార్లు చేసినా అతను ఫోన్ ఎత్తడం లేదు.

ఇవాళ పొద్దున్నే మబ్బు పట్టి గాలి స్తంభించిపోయింది. రేవులో ఒక్క జెండా కూడా కదలడం లేదు. బోటులో పరిచే చోటు లేక రాత్రంతా మొగుడూ పెళ్ళాం ఒడ్డున షెడ్డులోనే ఉండిపోయారు. సూదమ్మ రాత్రికి రాత్రి అతుకులు వేసి ముగించిన పెద్ద తెరచాపని చుట్ట చుట్టి భుజాన వేసుకుని వస్తోంది. వెనకాల ఆమె మొగుడు రెండు చేతుల్లో మంచినీళ్ళ డబ్బాలతో వస్తున్నాడు. అతను సర్వేయరు. భూములు కొలిచే మనిషి, మాట కూడా కొలిచే మాట్లాడతాడు. చాపని జెట్టీ మీద పడేసి సూదమ్మ ముందుగా బోటు ఎక్కింది.

ఎక్కీ ఎక్కగానే పెట్రోలు వాసన గుప్పుమంది.

పక్క బోటు వాళ్ళు ఇంజను కడుగుతున్నారేమో అనుకుంది. అటు చూస్తే అక్కడ ఇంజను లేదు, ఆవిడెవరో బయటే స్టవ్వు పెట్టుకుని అన్నం వండుతోంది. సూదమ్మ గబగబా చుక్కాని దగ్గరి పెట్టె మూత ఎత్తింది. పెట్రోలు డబ్బా ఉండే చోటు అదే. ఆ పెట్టెకి అడుగున ఒక కన్నం ఉంటుంది. పెట్రోలు ఆవిరి పైకి లేచే రకం కాదు, ఒలికిన నీళ్ళలాగా కిందకే దిగుతుంది. ఆ కన్నంలోంచి బయటికి పోతుందని అలా పెడతారు. ఇప్పుడు ఆ పెట్టెలో తాళ్ళున్నాయి, పాత గుడ్డలున్నాయి, డబ్బా మాత్రం లేదు.

అప్పుడే క్యాబిన్ లోపల్నించి 'చిర్రు' మని చప్పుడయింది. అగ్గిపుల్ల గీసిన చప్పుడు.

"ఛీ, వెధవ పుల్లలు" అన్న గొంతు కూడా వినిపించింది.

ఆ గొంతు మావగారిది. ఈయన గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి, లేకపోతే ఈ వారం కథ నడవదు. ఆయన ఉద్యోగమంతా పెద్ద గోదాములో స్టోర్‌కీపరుగా చేశాడు. రిటైరయి ఇన్నేళ్ళయినా తాళాల గుత్తి నడుముకి అలాగే ఉంది. 'బయట పెట్టింది బజారుది, లోపల పెట్టింది మనది' అన్నది ఆయన వేదం. సొంత చెప్పులు కూడా లోపల పెట్టి తాళం వేసి, ఉత్త కాళ్ళతో గుమ్మంలో నిలబడి, నా చెప్పులు ఎవడెత్తుకుపోయాడని వీధంతా వినబడేలా అరిచిన రోజులున్నాయి. కొడుకూ కోడలూ బోటులో చేరినప్పటి నుంచి పొద్దున్నే వచ్చి కాపలా కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు. రావద్దని చెప్పే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

సూదమ్మ మెట్ల మీద నిలబడి లోపలికి వంగి చూసింది. ఆయన వంటగట్టు ముందు కూర్చుని ఉన్నాడు. స్టవ్వు మీద టీ గిన్నె, ఒక చేతిలో అగ్గిపెట్టె, ఇంకో చేతిలో పుల్ల. కాళ్ళ దగ్గర తలలు ఊడిన పుల్లలు పడి ఉన్నాయి. వాసన ఆమె ముక్కుని కోసేస్తోంది. ఆమెకి అంత భయం జన్మలో ఎప్పుడూ వేయలేదు.

"ఎవరూ, అమ్మాయివా? ఈ అగ్గిపెట్టె చూడు. ఈ సముద్రపు చెమ్మకి తడిసి ఊరుకుంది. ఎన్ని గీసినా తల ఊడి పడుతోంది గానీ ఒక్కటీ అంటుకోదు."

"గీయకండి! ఆపండి, ఆపండి!" అని అరిచింది.

అరవకుండా ఉండాల్సింది. ఈయనని అరిచి మాన్పించిన పని ఇప్పటిదాకా ఒక్కటీ లేదు. గోదాములో మేనేజర్లు అరిచి చూశారు, పోయిన అత్తగారు నలభై ఏళ్ళు అరిచి చూసింది. ముసలాయన ముఖం ఎర్రబడింది.

"ఏం? నా టీ నేను పెట్టుకోకూడదా? దానికి కూడా నీ పర్మిషను కావాలా?"

ఆ అరుపు విని సర్వేయరు నీళ్ళ డబ్బాలు వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. జెట్టీ మీద నుంచే వాసన అందినట్టుంది, ముఖం పాలిపోయింది. "నాన్నా! బయటికి రా! ముందు బయటికి రా!"

"వాడొకడు. ఇంత పొద్దున్నే మొగుడూ పెళ్ళాం నా మీద పడ్డారేంటి? నేను రాను. టీ తాగే వస్తాను" అని ఆయన పెట్టెలోంచి ఇంకో పుల్ల తీశాడు.

సూదమ్మ వెనక్కి తిరిగి మొగుడితో, "మీరు మాట్లాడకండి. బోటు ఎక్కకండి. ఆ కరెంటు పెట్టెలో మీట దించేసి, తర్వాత ప్లగ్గు పీకండి. అక్కడే, ఒడ్డున. బోటు వైపు సాకెట్టు ముట్టుకోవద్దు" అంది. పక్క బోటావిడ వైపు చూసి, "వదినా, స్టవ్వు ఆర్పేసి పిల్లల్ని తీసుకుని అవతలికి వెళ్ళిపో. ఎందుకని తర్వాత అడుగుదువుగాని" అంది. ఆవిడ ఈమె ముఖం చూసింది. ఏమీ అడగలేదు, స్టవ్వు కట్టేసి చంటిదాన్ని చంకనేసుకుంది.

"మావయ్యగారూ, మీకు పెట్రోలు వాసన రావడం లేదా?"

"వారం నుంచీ జలుబమ్మా. ముక్కు ఉందో లేదో తడుముకుని చూసుకుంటున్నాను. అయినా పెట్రోలు వాసన ఎందుకొస్తుంది?"

"డబ్బా బయట లేదు."

"బయటెందుకుంటుంది! అన్ని బోట్ల మధ్య, వచ్చేపోయే వాళ్ళ మధ్య, బంగారమంత ధర పెట్టి కొన్న పెట్రోలు బయట పెడతారా ఎవరైనా? ఇదిగో, నిన్న మధ్యాహ్నమే ఈ బల్ల కింద పెట్టెలో పెట్టి తాళం వేశాను." నడుం దగ్గరి గుత్తిని గలగలలాడించాడు. "మొన్న వట్టిగా పెడితే ఎవడో మళ్ళీ తీసి బయట పడేశాడు. అందుకే ఈసారి తాళం."

సూదమ్మకి ఆ మాట వెంటనే తలకెక్కలేదు. ఎక్కాక ఇంకాస్త లోపలికి వంగింది.

"మొన్న... మొన్న కూడా మీరేనా పెట్టింది?"

"ఇంకెవరు పెడతారు? మీ అన్నయ్య ఆ వైర్లలో తల దూర్చి ఉన్నాడు, వాడికి లోకం పట్టలేదు. మావాడు ఎదురుగా నిలబడి చూశాడు కదా. తప్పయితే వాడు చెప్పడూ? ఒక్క మాట అనలేదు."

చూశాడట. ఎదురుగా నిలబడి చూశాడట. సూదమ్మ మెట్టు అంచు గట్టిగా పట్టుకుంది. అన్నయ్య ఒట్టేస్తున్నప్పుడు పక్కన నిలబడ్డ మొగుడి ముఖం ఆమెకి కళ్ళకి కట్టింది. ఆ రోజు అది కోపం అనుకుంది. లోపల ఏదో భగ్గుమంది గానీ దాన్ని అక్కడే అణిచిపెట్టుకుంది. ఎదురుగా అగ్గిపుల్ల ఉంది.

"మావయ్యగారూ, తాళం వేసినా ఆవిరి ఆగదండీ. సందుల్లోంచి వచ్చేస్తుంది. కిందంతా నిండిపోయి ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ పడితే..."

"తాళం వేశానమ్మా" అన్నాడాయన, చిన్నపిల్లకి చెప్పినట్టు. "తాళం వేశాక ఏదైనా ఎక్కడికి పోతుంది? నా సర్వీసు మొత్తంలో తాళం వేసిన గదిలోంచి ఒక్క మేకు బయటికి పోలేదు. నువ్వు నాకు చెప్పొచ్చావా!" అని అగ్గిపెట్టెని చొక్కా లోపల పెట్టి ఛాతీకి అదుముకున్నాడు. "కాసేపు వెచ్చబెడితే ఇదే అంటుకుంటుంది. ఊరికే గీస్తే ఏం లాభం."

మంచి ఉపాయమే. అంటుకునేది కూడా. దిగి చెయ్యి పట్టుకుని లాక్కుందామా అనుకుంది సూదమ్మ. లాగితే పెనుగులాడతాడు. పెనుగులాటలో ఏ గిన్నె ఎక్కడ తగిలి ఏ రవ్వ లేస్తుందో తెలియదు. బతిమాలితే వినడు, భయపెడితే అసలు వినడు. ఆయన చెయ్యి చొక్కాలోంచి అగ్గిపెట్టెతో బయటికి వస్తోంది. ఆమె నోటి నుంచి మాట దానంతటదే వచ్చేసింది.

"సరేనండీ, మీరు టీ పెట్టుకోండి. చాప వచ్చింది, నేను దింపించుకుంటాను. రేవు మనుషులు తొందర పడుతున్నారు, వదిలేసి పోతామంటున్నారు. రింగులు సరిపోయాయో లేదో తర్వాత చూసుకోవచ్చులెండి."

పుల్ల పెట్టెకి ఆనిన చోటే ఆగిపోయింది.

"తర్వాత చూసుకోవడమా?" అన్నాడు ముసలాయన. "సరుకు దిగాక చూస్తే ఏం లాభం? ఎవరమ్మా నీకు చెప్పింది? సంతకం పెట్టావా?"

"పెట్టమంటున్నారు."

"పెట్టకు! దించనివ్వకు! ఆగమను వాళ్ళని!" పుల్లని పెట్టెలో పడేసి, మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచాడు. సరుకొచ్చిందంటే తిండి దగ్గర్నుంచి కూడా లేచిపోయే మనిషి. పెళ్ళయిన రోజు పీటల మీద నుంచి లేచి పందిరి గుంజలు లెక్కపెట్టాడని అత్తగారు చెప్పి నవ్వుతుండేది.

ఆ క్షణానే లోపల గోడకున్న చిన్న ఫ్యాను ఆగిపోయింది. ఒడ్డున సర్వేయరు మీట దించేశాడన్నమాట. ముసలాయన మెట్ల దాకా వచ్చినవాడల్లా వెనక్కి తిరిగాడు.

"ఇదేంటి, ఫ్యానాగింది? మీట కట్టి వస్తానుండు. కరెంటు మళ్ళీ వస్తే ఊరికే తిరుగుతూ ఉంటుంది." చెయ్యి మీట దగ్గరికి వెళ్ళింది. ఆ మీటకి కరెంటు తెగిందో లేదో, పక్కనున్నవి దేనితో నడుస్తాయో సూదమ్మకి తెలియదు. ఆ చెయ్యి మాత్రం ఏ మీటనీ ముట్టుకోకూడదని తెలుసు.

"మావయ్యగారూ! వాళ్ళు చాప ఎత్తేస్తున్నారు!"

"ఏయ్, ఎవడ్రా అది!" అంటూ ముసలాయన మీట సంగతి మరిచిపోయి మెట్లెక్కాడు. సూదమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుంది. పట్టుకుని, బోటు దాటించి, జెట్టీ మీద చాలా దూరం, చాప చుట్ట పడి ఉన్న చోటు కూడా దాటించి తీసుకుపోయింది. అక్కడ ఆపి ఆయన పిడికిలి విప్పి అగ్గిపెట్టె తీసుకుంది.

"మనుషులేరి?" అన్నాడాయన నాలుగు దిక్కులా చూసి.

"మనుషులు లేరు మావయ్యగారూ. అబద్ధం చెప్పాను. ఆ బోటంతా పెట్రోలు ఆవిరి నిండి ఉంది. మీరు ఆ పుల్ల గీసి ఉంటే మీకు కొరివి పెట్టడానికి కూడా ఏమీ మిగిలేది కాదు."

ఆయన బోటు వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. పక్క బోటావిడ పిల్లలతో దూరంగా నిలబడి ఉండటం చూశాడు. మనుషుల ముఖాలు చదవడం సరుకు లెక్క కన్నా ఆయనకి ఆలస్యంగా వస్తుంది గానీ వస్తుంది. మెల్లగా చాప చుట్ట మీద కూలబడ్డాడు.

"మరి వాడెందుకు చెప్పలేదు?" అన్నాడు. "మొన్ననే చెప్పి ఉంటే మళ్ళీ పెట్టేవాణ్ణా?"

వాడు అప్పటికి కేబులు చుట్టి చేత్తో పట్టుకుని వచ్చి, నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. ఈ మాట విన్నాడు. సూదమ్మ తిన్నగా అతని ముందుకి వెళ్ళి నిలబడింది.

"ఏమండీ, మొన్న మావయ్యగారు డబ్బా లోపల పెట్టడం మీరు చూశారా?"

సర్వేయరు కేబులు వంక చూసుకున్నాడు.

"నన్ను చూసి చెప్పండి."

"చూశాను."

"చూసి కూడా మా అన్నయ్యని అన్నారు."

"చూసినప్పుడు నేనూ ఏమీ అనుకోలేదు. తర్వాత ఛార్జరు పక్కన చూసేసరికి ఒళ్ళు మండింది. ఎవరో ఒకరిని అనాలి. మీ అన్నయ్య ఎదురుగా ఉన్నాడు." అతను ఇంత పొడుగు మాట చెప్పడం ఆమె అరుదుగా విన్నది. "నాన్నని ఎలా అంటాను? చిన్నప్పటి నుంచీ ఆయన్ని తప్పని ఒక్కసారి కూడా అనలేదు. నోరు రాదు."

"అత్త మీద కోపం దుత్త మీద అంటారు. మీకు మీ నాన్న మీద కోపమొస్తే మా అన్నయ్యే దొరికాడు కదూ! పని పాడు చేసుకుని వచ్చి, ఆ ఇరుకు సందుల్లో దూరి, వీపంతా గీరుకుపోయి మనకి కరెంటు పెట్టినవాడు. అతను ఒట్టేసి చెప్తుంటే మీరు పక్కనే నిలబడ్డారు. నాక్కూడా చెప్పలేదు. రాత్రి పక్కలో పడుకుని కూడా చెప్పలేదు. మిమ్మల్ని నమ్మి నేను మా అన్నయ్యని వెళ్ళగొట్టుకున్నాను."

"సాయంత్రం చెబుదామనుకున్నాను. చెప్పలేకపోయాను."

"చెప్పలేకపోయినందుకు డబ్బా తెచ్చి బయట పెట్టి ఊరుకున్నారు. నిన్న మళ్ళీ అంచుదాకా నింపి కూడా పెట్టారు. ఆయనకి తప్పని తెలిస్తే కదా మానేది! ఆ ఒక్క మాట మొన్ననే అని ఉంటే ఇవాళ ఆయన చేతిలో అగ్గిపుల్ల ఉండేది కాదు."

అది నిజం. ఊళ్ళన్నీ కొలిచే మనిషి డబ్బా మాత్రం మెడదాకా నింపాడు. పెట్రోలు వెచ్చబడితే పొంగుతుందని, పైన కాస్త ఖాళీ వదలాలని పెట్రోలు పోసినవాడు చెబుతూనే ఉన్నాడు. బయట నీడలో ఉంటే ఏమయ్యేదో గానీ, గాలాడని పెట్టెలో, రాత్రంతా పని చేస్తున్న ఛార్జరు పక్కన, ఆ డబ్బా ఉబ్బి మూత సందుల్లోంచి కక్కేసింది.

"నాకు చెప్తే వినేవాణ్ణిరా" అన్నాడు ముసలాయన, నెమ్మదిగా. వినేవాడు కాదు, ఆ సంగతి మనకీ తెలుసు, ఆయన కొడుక్కీ తెలుసు. కానీ ఆ గొంతులో ఎప్పుడూ లేని బేలతనం ఉంది. "నీకు నేనంటే అంత భయమా?"

సర్వేయరు కళ్ళు ఎర్రబడ్డాయి. సూదమ్మకి జాలి వేసింది. జాలి వేసినందుకు తన మీద తనకి కోపం కూడా వచ్చింది. ఇంకొక్క క్షణం అక్కడ ఉంటే ఏడ్చేస్తానని భయపడి, ఫోన్ తీసుకుని జెట్టీ మొదటి దాకా నడిచి వెళ్ళిపోయింది.

అన్నయ్య ఫోన్ మోగింది. మోగుతూనే ఉంది. పెట్టేద్దామనుకుంటుండగా ఎత్తాడు.

"అన్నయ్యా, పెట్టేయకు. నువ్వు పెట్టలేదు డబ్బా. మావయ్యగారు పెట్టారు. ఈయనకి తెలుసు. నాకు ఇప్పుడే తెలిసింది. నీ కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

"ఏడవకు" అన్నాడు. "ఏమైంది? అది చెప్పు ముందు."

చెప్పింది. అంతా విన్నాక అతని గొంతు మారిపోయింది, అలిగిన అన్నయ్య పోయి పనిమంతుడు వచ్చాడు.

"ఒడ్డున మీట దించి ప్లగ్గు తీశారా?"

"తీశారు."

"మంచి పని చేశారు. బోటు మీద మనిషన్నవాడు ఉండకూడదు. తలుపులు తీసే ఉన్నాయిగా, అలాగే వదిలేయండి. గాలి లేచి ఆ ఆవిరి పోయేదాకా ఎవరూ దగ్గరికి వెళ్ళొద్దు. రేవు ఫైరు వాళ్ళకి చెప్పు. నేను బయల్దేరుతున్నాను. డబ్బా ఎక్కడుందన్నావు?"

"బల్ల కింద పెట్టెలో. తాళం వేశారు."

"ఏ బల్ల? నువ్వు పడుకునే వైపా?"

"ఆఁ. నా దారాలూ సూదులూ పెట్టుకుంటానన్న పెట్టె."

అటు నుంచి ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించింది.

"చెల్లీ, ఆ పెట్టె మూత ఎవరూ ఎత్తకూడదు."

"కరెంటు తీసేశాం కదా అన్నయ్యా?"

"మీరు తీసింది ఒడ్డు కరెంటు. బ్యాటరీ బోటులోనే ఉందిగా, దానికి ఒడ్డుతో పని లేదు. ఆ పెట్టెలో నేనొక దీపం పెట్టాను. బీరువా తలుపు తీస్తే వెలుగుతుందే, ఇళ్ళల్లో పెడుతుంటాను, అలాంటిది. మూత కాస్త లేస్తే చాలు, దానంతటదే వెలుగుతుంది, పగటిపూట మాత్రం వెలిగినా తెలియదు. చీకట్లో సూదులు తడుముకుంటూ వేళ్ళు గుచ్చుకుంటావని పెట్టాను. పని అంతా అయ్యాక నీకు చూపిద్దామనుకున్నాను. ఈలోగా గొడవయింది, చెప్పనే లేదు. చెల్లీ, వింటున్నావా? ఆ దీపం మీట టిక్కుమన్నప్పుడు లేచే చిన్న రవ్వ చాలు, ఆవిరంతా భగ్గుమంటుంది."

సూదమ్మ గిర్రున వెనక్కి తిరిగింది.

జెట్టీ మీద చాప చుట్ట మీద మావగారు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పక్కన చుట్టిన కేబులు పడి ఉంది. ఆమె పరుగెత్తింది.

"మావయ్యగారూ, ఆయనేరి?"

ముసలాయన తలెత్తాడు. నడుం దగ్గర గుత్తి లేదు. కళ్ళు తడిగా ఉన్నాయి, ముఖంలో మాత్రం కాస్త వెలుగు ఉంది. "తాళంచెవి అడిగాడమ్మా. ఇచ్చాను. 'తప్పు నీది నాన్నా, నాది కూడా' అన్నాడు. నా ముఖం మీదే అన్నాడు. మొదటిసారి! కరెంటు తీసేశాం కదా, ఆ డబ్బా నేనే బయటికి తెచ్చేస్తానని..."

మిగతా మాట ఆమె వినలేదు. చేతిలో ఫోన్‌లోంచి అన్నయ్య "ఏమైంది, ఏమైంది" అని అరుస్తున్నాడు. పక్క బోటావిడ "వెళ్ళకమ్మా!" అని కేక పెట్టింది. సూదమ్మ పరుగెత్తుతూనే గొంతు చించుకుని అరిచింది.

"ఏమండీ! ముట్టుకోకండి! మూత ఎత్తకండి! లోపల దీపం ఉంది!"

క్యాబిన్ లోపల్నించి, ముక్కుకి గుడ్డ కట్టుకున్నట్టుంది, మొగుడి గొంతు అస్పష్టంగా వచ్చింది. సగమే వినబడిందో ఏమో.

"దీపం వేయడం లేదులే, నాకు కనబడుతూనే ఉంది. నువ్వు అరవకు. ఈ ఒక్క పని నన్ను చేయనీ."

"కాదండీ, ఆ పెట్టె..."

తాళం ఊడి చెక్క మీద పడిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే పెట్టె మూత కిర్రుమంది.